ఎడం లేని పాట: పంక్ అభిమాని అభిరుచి వెనుక ఉన్న కొలత

గోదావరి డెల్టాలో పంక్ అనే డెబ్భైల నాటి మొరటు రాక్ సంగీతాన్ని కుర్రతనంలో పట్టుకుని, నడివయసు దాటినా విడిచిపెట్టని శ్రోతలు తక్కువమందే ఉంటారు. అమలాపురంలోనో పాలకొల్లులోనో అలాంటి శ్రోత ఇంట్లో పాటల అలమర తెరిస్తే మొదట కలిగేది తికమక. న్యూయార్క్ పంక్ బృందం రామోన్స్ పక్కన జమైకా రెగే సంగీతం ఉంటుంది. లండన్ పంక్ బృందం క్లాష్ పక్కన అరవైల నాటి అమెరికా ఆడపిల్లల బృందాలు పాడిన ప్రేమపాటలు ఉంటాయి. ఆ కింది అరలో షేక్ నాజర్ బుర్రకథ, మాండొలిన్ శ్రీనివాస్ కచేరీ, బాపు బొమ్మల పుస్తకాలు, విమర్శకులెవరూ మెచ్చుకోని పాత భయానక సినిమాలు వరసగా కనిపిస్తాయి. పంక్ అంటే గోల అనీ, చెవికి పిన్నీసు గుచ్చుకుని తిరగడమనీ అనుకునేవాళ్ళకు ఈ అలమరకు తలా తోకా ఉన్నట్టు తోచదు.

అయితే అందులో ఉన్నవన్నీ ఒకే కొలతతో ఏరుకున్నవి. వేగాన్నీ, శబ్దాన్నీ, చివరికి కోపాన్నీ కూడా ఆ కొలత పెద్దగా పట్టించుకోదు. పాడేవాడికీ వినేవాడికీ మధ్య ఎడం ఎంత ఉందన్నదే అది చూస్తుంది. పదహారేళ్ళ వయసులో ఆ ఎడం లేని పాటను ఒక్కసారి విన్న చెవి, ఆ తరవాత ఏ దేశపు పాటలోనైనా, బొమ్మలోనైనా, సినిమాలోనైనా దాన్నే వెతుక్కుంటుంది. పంక్ అభిమాని ఇష్టాయిష్టాలు పైకి ఎంత చెదిరినట్టున్నా ఈ ఒక్క దారం పట్టుకుంటే చాలావరకు విడిపోతాయి.

ఈ కొలత ఎందుకు పుట్టిందో తెలియాలంటే డెబ్భైల మొదట్లో రాక్ సంగీతం ఎక్కడికి చేరిందో చూడాలి. అప్పటికి పేరున్న బృందాలు క్రీడామైదానాల్లో వాయిస్తున్నాయి. ఒక్కో పాట ఇరవై నిమిషాలు సాగుతోంది. ఖరీదైన వాయిద్యాలూ, ఏళ్ళ తరబడి సాధనా, పెద్ద కంపెనీ పెట్టుబడీ లేనిదే పాట తీసే ఆలోచన కూడా ఎవరికీ రాని రోజులు అవి. న్యూయార్క్ నగరంలో క్వీన్స్ ప్రాంతపు ఫారెస్ట్ హిల్స్ కుర్రాళ్ళు 1974లో కట్టిన రామోన్స్ బృందం దీనికి చాలా పొట్టి జవాబు చెప్పింది. 1976 ఏప్రిల్‌లో వచ్చిన వాళ్ళ తొలి ఆల్బమ్‌లో 14 పాటలున్నాయి, మొత్తం నిడివి 29 నిమిషాలు. రికార్డింగుకు వారం రోజులు పట్టింది, సుమారు 6,400 డాలర్లు ఖర్చయింది. వాళ్ళు తరచుగా వాయించిన సీబీజీబీ క్లబ్బు బవరీ వీధిలో ఒక ఇరుకు సందులాంటి గదిలో ఉండేది. ఆ పేరులోని మొదటి అక్షరాలు కంట్రీ, బ్లూగ్రాస్, బ్లూస్ అన్న మూడు పల్లె సంగీతాలవి, హిల్లీ క్రిస్టల్ 1973లో ఆ క్లబ్బు తెరిచింది ఆ మూడింటి కోసమే. కనుక పంక్ అభిమాని అలమరలో పాత కంట్రీ పాటలు కనిపిస్తే అవి దారి తప్పి వచ్చినవి కావు, ఆ ఇంటి తలుపు మీద పేరు వాటిదే.

ఆ 29 నిమిషాల లెక్క డెల్టా శ్రోతకు మరో విధంగా గుర్తుండిపోతుంది. అరవై నిమిషాల ఖాళీ క్యాసెట్టుకు ఒక్కో వైపు ముప్ఫై నిమిషాలు పడుతుంది. రామోన్స్ ఆల్బమ్ మొత్తం ఒక వైపు ఎక్కేసి, చివర ఇంకాస్త ఖాళీ టేపు సుయ్యిమంటూ తిరుగుతుంది. గల్ఫ్ నుంచి సెలవుకు వచ్చిన బంధువు పెట్టెలోనో, విశాఖపట్నంలో చదువుకునే అన్నయ్య సంచిలోనో చేతులు మారుతూ వచ్చిన అలాంటి క్యాసెట్ల మీద పేర్లు బాల్‌పెన్నుతో, ఒక్కోసారి తప్పు స్పెల్లింగుతో రాసి ఉండేవి. వానాకాలం వస్తే కాలవల మీది తేమకు టేపు చుట్ట అంచున తెల్లటి బూజు పట్టేది. స్క్రూలు విప్పి, పైమూత ఎత్తి, దూదికి కాస్త స్పిరిట్ అద్ది, పెన్సిలుతో చుట్టను అంగుళం అంగుళం తిప్పుతూ తుడిచి, నీడపట్టున ఆరబెట్టి మళ్ళీ బిగిస్తే పాట బతికేది. కాకపోతే మధ్యలో ఒకచోట గొంతు నీళ్ళలో మునిగి తేలినట్టు వినిపించేది, ఆ మునక ఇక ఎప్పటికీ ఆ పాటలో భాగమే. పాటను చేత్తో తుడిచి, ఆరబెట్టి విన్నవాళ్ళకు అది ఎక్కడో తయారై వచ్చిన సరుకుగా ఎన్నటికీ అనిపించదు. తరవాతి కాలంలో అదే పాట మచ్చలేని ధ్వనితో ఫోనులో దొరికినా, ఆ మునక రావలసిన చోట చెవి ఒక్క క్షణం ఆగుతుంది.

పాట పొట్టిగా ఉండటం, చవగ్గా తయారవటం ఎందుకు ముఖ్యమో ఇంగ్లండులో జరిగిన కొన్ని సంగతులు ఇంకా బాగా చెబుతాయి. 1976 జూన్ 4న మాంచెస్టర్ నగరంలో లెస్సర్ ఫ్రీ ట్రేడ్ హాలులో లండన్ పంక్ బృందం సెక్స్ పిస్టల్స్ వాయించినప్పుడు వచ్చినవాళ్ళు కొన్ని పదులమంది మాత్రమే. వాళ్ళలో ఒకడైన పీటర్ హుక్ మర్నాడే వెళ్ళి బేస్ గిటారు కొనుక్కున్నాడు. అతనూ అతని స్నేహితుడు బెర్నార్డ్ సమ్నరూ కలిసి మొదలుపెట్టిన బృందమే తరవాత జాయ్ డివిజన్ అయింది. ఆ కచేరీని ఏర్పాటు చేసిన ఇద్దరు కుర్రాళ్ళు, హవర్డ్ డెవోటో, పీట్ షెల్లీ, తామే బజ్‌కాక్స్ బృందం కట్టి, ఇంటివాళ్ళ దగ్గరా స్నేహితుల దగ్గరా తెచ్చిన దాదాపు 500 పౌండ్ల అప్పుతో 1977 జనవరిలో నాలుగు పాటల రికార్డు సొంతంగా విడుదల చేశారు. మొదట వేసినవి 1,000 ప్రతులు, చివరికి అమ్ముడైనవి సుమారు 16 వేలు. అదే నెలలో సైడ్‌బర్న్స్ అనే అభిమానుల చిరుపత్రిక, గిటారు మీద మూడు కార్డ్‌లు ఎలా పట్టాలో చేత్తో గీసిన బొమ్మలు వేసి, ఇక వెళ్ళి బృందం కట్టుకోండని రాసింది. కార్డ్ అంటే కొన్ని స్వరాలను కలిపి ఒక్కసారిగా మోగించే పట్టు. మూడు పట్టులు తెలిస్తే చాలన్న ఆ మాటను సంగీతం సులువన్న అర్థంలో తీసుకుంటే పొరపాటు. పాడేవాడు నిలబడ్డ అరుగు మీదికి వినేవాడు కూడా ఎక్కవచ్చన్నదే దాని సారాంశం.

అరుగు ఎక్కినవాడు ఏ భాషలో పాడాలన్నది తరవాతి ప్రశ్న. అప్పటిదాకా ఇంగ్లండులో చాలామంది రాక్ గాయకులు అమెరికా ఉచ్చారణ అనుకరించేవారు. సెక్స్ పిస్టల్స్ గాయకుడు జానీ రాటెన్ ఉత్తర లండన్ వీధి యాసలో, ముక్కుతో సాగదీస్తూ పాడాడు. ఈ తేడా ఎంత పెద్దదో గోదావరి జిల్లాల శ్రోతకు విడమరిచి చెప్పనక్కర్లేదు. సినిమాల్లో మాట చివర 'ఆయ్' అనే పాత్రను నవ్వించడానికే పెట్టే అలవాటు ఎన్నేళ్ళ నుంచో ఉంది. హీరో మాత్రం ఏ ఊరివాడో తెలియని భాష మాట్లాడతాడు. సొంత యాసలో నవ్వుకు తావివ్వకుండా, నిఖార్సుగా, ప్రేమనో కోపాన్నో చెప్పుకోవడం ఎంత అరుదో చూసినవాళ్ళకు రాటెన్ గొంతు పరాయిగా వినిపించదు. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్ళపూడి వెంకటరమణ రాసిన 'బుడుగు'ను అలాంటి శ్రోత తలకెత్తుకునేది కూడా ఈ కారణంగానే. పెద్దవాళ్ళు సరిదిద్దిన భాషను ఒప్పుకోకుండా ఒక పిల్లవాడు తన నోటికి వచ్చినట్టు లోకాన్ని చెప్పడం అందులో ఉంది. దానికి నరసాపురంలో పుట్టిన బాపు వేసిన గీతలు, రాసిన అక్షరాలు చూడగానే ఒక మనిషి చెయ్యి కదిలినట్టు తెలుస్తుంది. న్యూయార్క్‌లో 1976 జనవరిలో మొదలైన 'పంక్' పత్రికను జాన్ హోమ్‌స్ట్రమ్ అచ్చక్షరాలకు బదులు చేతిరాతతో, వ్యంగ్యచిత్రాలతో నింపాడు. రెండింటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేదు, కానీ రెండింటినీ ఒకే చూపు ఇష్టపడుతుంది.

పేర్లు మార్చుకోవడం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. జాన్ లైడన్ రాటెన్ అయ్యాడు, అంటే కుళ్ళినవాడు. క్లాష్ గాయకుడు జాన్ మెల్లర్ జో స్ట్రమ్మర్ అయ్యాడు, అంటే గిటారు తీగల మీద ఊరికే చెయ్యాడించేవాడు. తెలుగు పాఠకులు దీనికి పదేళ్ళ ముందే ఇలాంటిది చూశారు. 1965లో దిగంబర కవులు తమ పాత పేర్లు వదిలేసి నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అన్న పేర్లతో వచ్చి, హైదరాబాదులో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత తొలి సంపుటి ఆవిష్కరింపజేశారు. తెలుగునాట ఇంటిపేరు వినగానే కులం ఊహించుకునే అలవాటు ఉంది కనుక, ఇక్కడ పేరు వదలడం లండన్‌లో వదలడం కన్నా బరువైన పని.

పంక్ అభిమాని పంక్ తప్ప ఇంకేమీ వినడన్నది బయటివాళ్ళ అపోహ. 1977 జూలై 16న లండన్ క్యాపిటల్ రేడియోలో రాటెన్ తనకిష్టమైన రికార్డులు తెచ్చి వినిపించాడు. అందులో జర్మనీ బృందం కాన్, కెప్టెన్ బీఫ్‌హార్ట్, నీల్ యంగ్, టిమ్ బక్లీ, పీటర్ హామిల్ ఉన్నారు. రెగే అయితే ధారాళంగా ఉంది. పాతదాన్నంతా ద్వేషించే కుర్రాడిని ఊహించుకున్నవాళ్ళకు ఆ కార్యక్రమం మింగుడుపడలేదు. అదే ఏడాది లండన్ రాక్సీ క్లబ్బులో రికార్డులు వేసే డాన్ లెట్స్, వేయడానికి పంక్ రికార్డులే పట్టుమని పది లేకపోవడంతో, తాను పెరిగిన జమైకా సంగీతాన్ని వినిపించేవాడు. ఆ అలవాటే ఒక తరం చెవులను తయారుచేసింది. క్లాష్ తొలి ఆల్బమ్‌లో జూనియర్ మర్విన్ రెగే పాట 'పోలీస్ అండ్ థీవ్స్'ను ఆరు నిమిషాల పాటు పాడారు, ఆ ఆల్బమ్‌లో అన్నిటికన్నా పొడుగుపాట అదే. పొట్టిదనం ఎడాన్ని తగ్గించే పనిముట్టే తప్ప వ్రతం కాదని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

క్లాష్ ఆ తరవాత వెళ్ళిన దారి అభిమానుల అభిరుచిని ఇంకా విశాలం చేసింది. 1979 డిసెంబరులో వచ్చిన 'లండన్ కాలింగ్' రెండు రికార్డుల ఆల్బమ్ అయినా ఒక్క రికార్డు ధరకే ఇవ్వాలని బృందం పట్టుబట్టింది. మరుసటి ఏడాది వచ్చిన 'శాండినిస్టా!' మూడు రికార్డులు, 36 పాటలు. అందులో సగం ఎందుకు పెట్టారో ఇప్పటికీ అభిమానులే వాదించుకుంటారు, ఆ వాదన న్యాయమైనదే, ఎందుకంటే అందులో కొన్ని పాటలు నిజంగానే వదులుగా ఉన్నాయి. జో స్ట్రమ్మర్ తండ్రి లక్నోలో పుట్టిన బ్రిటిష్ దౌత్య ఉద్యోగి, స్ట్రమ్మర్ స్వయంగా పుట్టింది టర్కీలోని అంకారాలో. 1998 నుంచి 2001 దాకా అతను బీబీసీ వరల్డ్ సర్వీసులో ఒక కార్యక్రమం నడిపి ఆఫ్రికా పాటలూ, కొలంబియా కుంబియా, పాత రాక్ అండ్ రోల్ అన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి వినిపించాడు. షార్ట్‌వేవ్‌లో వరల్డ్ సర్వీసు డెల్టా పల్లెలకు కూడా అందేది. రాత్రిపూట ట్రాన్సిస్టరు ముల్లు వెంట్రుకవాసి కదిలినా జారిపోయే ఆ గొంతు కోసం చెవి అక్కడే పెట్టి కూర్చోవలసిందే.

ఐరిష్ జానపదాన్ని పంక్ దూకుడుతో వాయించిన పోగ్స్ బృందం 1982లో లండన్‌లో పుట్టింది. పిల్లనగ్రోవిలాంటి రేకు ఈల, అకార్డియన్, బాంజో పట్టుకుని, తమ తాతలనాటి పాటలను వీధిలో పాడే మొరటుతనంతోనే వేదిక ఎక్కించారు. పోగ్స్ ద్వారా తన తాతల పాటను కొత్తగా విన్న డెల్టా శ్రోత చేరుకునేది బుర్రకథ దగ్గరికే. దానికి ముగ్గురు చాలు. తంబుర భుజాన వేసుకుని, వేళ్ళకు అందెలు తొడుక్కుని కథకుడు మధ్యలో నిలబడతాడు. ఒక పక్క హాస్యగాడు, మరో పక్క రాజకీయం చెప్పేవాడు గుమ్మెటలు వాయిస్తూ తందానతాన అంటారు. కథ పల్నాటిదైనా బొబ్బిలిదైనా రాజకీయం చెప్పేవాడు ఈ ఊళ్ళో ఈ వారం జరిగినదాన్ని మధ్యలో తెచ్చి పెట్టవచ్చు. ఆ వెసులుబాటు కళారూపంలోనే ఉంది. 1940లలో ప్రజానాట్యమండలి ఈ రూపాన్ని చేపట్టి, నాజర్ లాంటి కథకుల ద్వారా ఊరూరా తిప్పడానికి కారణం అదే: తక్కువ సరంజామా, ఎక్కువ సూటిదనం, ఎదురుగా కూర్చున్న జనం.

పాలకులకు పాట ఎందుకు కంటగింపవుతుందో కూడా ఇక్కడివాళ్ళకు కొత్త కాదు. ఎలిజబెత్ రాణి గద్దెనెక్కి పాతికేళ్ళయిన రజతోత్సవ సమయంలో, 1977 మేలో, సెక్స్ పిస్టల్స్ విడుదల చేసిన 'గాడ్ సేవ్ ద క్వీన్'ను బీబీసీ నిషేధించింది. అయినా అధికారిక అమ్మకాల పట్టికలో అది రెండో స్థానానికి చేరింది. దానికి అర్ధశతాబ్దం పైచిలుకు ముందే, సహాయ నిరాకరణోద్యమ కాలంలో, గరిమెళ్ళ సత్యనారాయణ 'మాకొద్దీ తెల్లదొరతనము' రాసి జైలుకు వెళ్ళారు. రెండింటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. గరిమెళ్ళ తన పాటకు చెల్లించిన మూల్యం చాలా పెద్దది, దాని వెనుక ఒక దేశం ఉంది. అయితే ఒక్కసారి వింటే నోటికి వచ్చేసే పల్లవి, పండితుల అనుమతి కోరని భాష, కాగితం లేకపోయినా ఊరు దాటిపోయే గుణం రెండింటిలోనూ కనిపిస్తాయి, పంక్ అభిమాని చెవి పట్టుకునేది వాటినే.

కనుమనాడు అంబాజీపేట దగ్గర జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థాన్ని దగ్గరగా చూసినవాళ్ళకు ఈ విషయం మరింత తేటపడుతుంది. వెదురుతో కట్టి రంగుల గుడ్డలతో అలంకరించిన ప్రభలను, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పదకొండు మంది రుద్రులకు ప్రతిరూపాలుగా, పదులమంది భుజాల మీద మోసుకొస్తారు. గంగలకుర్రు ప్రభలు కౌశిక పాయలో దిగినప్పుడు మోసేవాళ్ళు పీకల్లోతు నీళ్ళలో, ప్రభ ఒక పక్కకు ఒరగకుండా, 'అశ్శరభ శరభ' అని అరుస్తూ అడుగు తీసి అడుగు వేస్తారు. పొలాల్లో పచ్చటి వరి కాళ్ళ కింద పడి నలుగుతుంది, పొలం యజమాని దాన్ని శుభంగానే తీసుకుంటాడు. డప్పు దెబ్బ చెవికన్నా ముందు పొట్టకు తగులుతుంది. అక్కడ చూసేవాడు ఎవడో మోసేవాడు ఎవడో చెప్పలేని ఒక క్షణం వస్తుంది. చిన్న క్లబ్బుల్లో వాయించే బృందాల గురించి పంక్ అభిమానులు ఏ అనుభవాన్ని వర్ణిస్తారో ఇది దానికి చాలా దగ్గర.

దగ్గరే గానీ, అక్కడే ఆగి ఆలోచించవలసిన సంగతి ఒకటుంది, పంక్ కొలత డెల్టాలో నిజంగా పరీక్షకు నిలబడేది ఇక్కడే. వాయిద్యం ఎవరైనా పట్టుకోవచ్చన్న మాట లండన్‌లో డబ్బుకూ చదువుకూ ఎదురు నిలిచిన మాట. మన ఊళ్ళలో వాయిద్యాలకు కులాలున్నాయి. డప్పు మాదిగలది, సన్నాయి డోలు మంగళ్ళది అని పంచి పెట్టిన ఏర్పాటులో, వాయించడం ఒకరికి హక్కు కాకుండా వెట్టి అయింది. మరొకరికి నామోషీ అయింది. డప్పు మోత వినగానే ఒళ్ళు పులకరించే శ్రోత, ఆ డప్పు కొట్టినవాడికి తీర్థంలో ఎక్కడ నిలబడే చోటుందో, జాతర అయ్యాక అతనికి ఎవరి గడప దాకా వెళ్ళే వీలుందో అడగకపోతే, అతను మెచ్చుకుంటున్నది శబ్దాన్ని మాత్రమే. ఎడం చెరిగిపోయిందని అతను అనుకున్న చోట అది చెక్కుచెదరకుండా ఉంటుంది. ఏప్రిల్ 14న అంబేడ్కర్ జయంతికి కోనసీమ పేటల్లో యువకులు తమంతట తాము డప్పు పట్టి, తమ మాటలు తామే కట్టుకుని పాడినప్పుడు, అదే వాయిద్యం చాకిరీ నుంచి విడివడి వాళ్ళ గొంతు అవుతుంది. ఎవరైనా చేయవచ్చన్న నినాదానికి డెల్టాలో ఇంతకన్నా నిక్కమైన అర్థం చెప్పడం కష్టం.

పంక్ సొంత చరిత్రలోనూ ఇలాంటి మచ్చలున్నాయి, నిజాయితీ ఉన్న అభిమాని వాటిని దాటవేయడు. తొలినాళ్ళలో కొందరు పంకులు రెచ్చగొట్టడం కోసం నాజీల కొంకి సిలువను చొక్కాలకు తగిలించుకున్నారు. గడప మీద పసుపు కుంకుమలతో స్వస్తిక్ వేసుకునే ఇంట్లో పెరిగినవాళ్ళకు ఆ ఫోటోలు మొదట అర్థం కావు, అర్థమయ్యాక రోత పుట్టిస్తాయి. అదే సమయంలో దానికి జవాబు కూడా ఆ గుంపులోంచే వచ్చింది. 1976లో ఎరిక్ క్లాప్టన్ బర్మింగ్‌హామ్ వేదిక మీద వలసవచ్చినవాళ్ళకు వ్యతిరేకంగా మాట్లాడాక పుట్టిన రాక్ అగైన్‌స్ట్ రేసిజం, అంటే జాతివివక్షకు ఎదురు నిలిచిన రాక్ సంగీతకారుల ఉద్యమం, 1978 ఏప్రిల్ 30న లండన్ విక్టోరియా పార్కులో వేలాదిమందిని కూడగట్టింది. క్లాష్, ఎక్స్‌రే స్పెక్స్, రెగే బృందం స్టీల్ పల్స్ ఒకే వేదిక మీద వాయించారు. అదే ఏడాది మార్గరెట్ థాచర్ పరాయి సంస్కృతి మనుషులు ముంచెత్తుతారన్న భయం జనంలో ఉందని టీవీలో అన్న మాటనే తిప్పికొట్టి, దక్షిణ లండన్‌లో పాకిస్తానీ కుటుంబాల కుర్రాళ్ళు 1979లో ఏలియన్ కల్చర్ అనే పంక్ బృందం కట్టారు. గల్ఫ్‌కో ఇంగ్లండుకో మనిషిని పంపిన ఇళ్ళు కోనసీమలో ఎన్నో ఉన్నాయి, ఆ బృందం పేరు వెనుక ఉన్న పోటు వాళ్ళకు వేరే అనువాదం లేకుండానే తెలుస్తుంది.

ఎక్స్‌రే స్పెక్స్ గాయని పాలీ స్టైరీన్ తండ్రి సొమాలియావాడు. పళ్ళకు క్లిప్పులు పెట్టుకుని, ఎవరి కంటికీ నచ్చాలన్న పట్టింపు లేకుండా, అమ్మకపు వస్తువులు నిండిన ప్రపంచం మీద పాడింది. స్లిట్స్ బృందం అమ్మాయిలు వాయించడం నేర్చుకుంటూనే వేదిక ఎక్కారు. ఆడవాళ్ళకు వేదిక మీద చోటు దొరకాలంటే అందమో, శ్రుతిశుద్ధ కంఠమో, ఒక మగ గురువో ఉండాలన్న నియమం అక్కడా మన దగ్గరా బలంగానే ఉండేది. వాళ్ళ పాటలు ఇష్టపడ్డ శ్రోత, తీర్థాల్లో రికార్డింగ్ డాన్సు వేదిక మీద ఎగిరే అమ్మాయిని చూసి మొహం తిప్పుకునే పెద్దమనుషుల తీరును కూడా వేరుగా చూడడం మొదలుపెడుతుంది. ఆ వేదిక ఆమెది కాదు, పాట ఆమెది కాదు, చివరికి ఆ నవ్వు కూడా ఆమె చేతిలో లేదు. పంక్ కొలతతో చూస్తే అక్కడ తప్పు ఆమె నృత్యంలో లేదు, ఆమెకు ఏదీ సొంతంగా దక్కనివ్వని ఏర్పాటులో ఉంది.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న వస్తుంది. సాధన అవసరం లేదన్న సంగీతాన్ని ప్రేమించే మనిషి, బాలమేధావి అనిపించుకున్న మాండొలిన్ శ్రీనివాస్‌ను ఎలా ఇష్టపడతాడు? 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ తొమ్మిదేళ్ళ వయసులో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవంలో కచేరీ చేశాడు. అతని చేతిలో ఉన్నది కర్ణాటక సంగీతంలో అప్పటిదాకా చోటు లేని పాశ్చాత్య వాయిద్యం. మామూలు మాండొలిన్‌కు జంట తీగలుగా ఎనిమిది ఉంటాయి. వాటితో గమకం సాగదు, ధ్వని నిలవదు. శ్రీనివాస్ వాటిని ఐదు ఒంటి తీగలకు మార్చి, విద్యుత్తుతో మోగే వాయిద్యాన్ని ఎంచుకున్నాడు. ఇది కర్ణాటక వాయిద్యమేనా అని సందేహించిన పండితుల ముందే ఆ వాయిద్యంతో నెగ్గుకొచ్చాడు. పంక్ అభిమాని మెచ్చుకునేది వేళ్ళ వేగాన్ని కాదు, అది మెచ్చుకోవడానికి వేరే రసికులున్నారు. గుమ్మం దగ్గర నిలిపేస్తారని తెలిసిన వాయిద్యాన్ని చేతబట్టుకుని, దాన్ని తనకు కావలసినట్టు విప్పి బిగించుకుని, లోపలికి నడిచిన ఆ చిన్నవాడి నిబ్బరం అతన్ని కట్టిపడేస్తుంది. సాధన ఎడం పెంచనక్కర్లేదని శ్రీనివాస్ వాదనం నేర్పుతుంది, పంక్ అభిమాని నడివయసులో నేర్చుకునే పాఠాల్లో బహుశా ఇదే అన్నిటికన్నా ఆలస్యంగా వంటబట్టేది.

సినిమాల విషయంలో అభిరుచి ఇంత తేలిగ్గా తేలదు. రామోన్స్‌కు ఆడపిల్లల బృందాల పాటలన్నా, కార్టూన్లన్నా, చవకబారు భయానక చిత్రాలన్నా ప్రాణం. 1932 నాటి 'ఫ్రీక్స్' సినిమా స్ఫూర్తితో పాట కట్టారు, 1979లో రోజర్ కార్మన్ నిర్మించిన 'రాక్ అండ్ రోల్ హైస్కూల్'లో తామే నటించారు, 1980లో ఆడపిల్లల బృందం రోనెట్స్ పాటను నిర్మాత ఫిల్ స్పెక్టర్ చేత చేయించుకుని మళ్ళీ పాడారు. ఉన్నత కళ, నేలబారు వినోదం అన్న గీతను వాళ్ళు ఒప్పుకోలేదు. ఆ లెక్కన డెల్టా శ్రోత నేల టికెట్టు సినిమాను నెత్తిన పెట్టుకోవాలి, పెట్టుకుంటాడు కూడా, ఎందుకంటే మొదటి ఆటకు నేలలో లేచే ఈలకూ సీబీజీబీ అరుపుకూ తేడా లేదు. కానీ థియేటరు బయట నిలబెట్టిన అరవై అడుగుల కటౌటు దగ్గర అతనికి కాలు ఆగుతుంది. అక్కడ ఎడం పెరిగి ఆకాశాన్ని తాకింది. కింద నిలబడి పాలాభిషేకం చేసే కుర్రాడు ఆ అరుగు ఎన్నడూ ఎక్కడు. అభిమానం అనే ఒకే మాటతో మనం పిలిచే రెండు వేరు వేరు సంగతులు ఇక్కడ విడిపోతాయి: ఒకటి తనను తాను చేయమని పురికొల్పేది, మరొకటి చూస్తూ ఉండమనేది.

వయసు మీద పడ్డాక పంక్ అభిమానికి ఎదురయ్యే ప్రమాదం ఇదే కటౌటు వేరే రూపంలో రావడం. 1996లో సెక్స్ పిస్టల్స్ మళ్ళీ కలిసి చేసిన పర్యటనకు 'పాపిష్టి సొమ్ము' అన్న అర్థం వచ్చే పేరు తామే పెట్టుకున్నారు. రామోన్స్ ముద్ర ఉన్న బనియన్లు ఒక్క పాట కూడా వినని పిల్లల ఒంటి మీద దుకాణాల్లోంచి వస్తున్నాయి. దాని మీద కోపగించుకోవడంలో అర్థం లేదు. అందులో ఒక్కరికైనా ఆ నాలుగు పేర్లు ఎవరివని అడగాలనిపిస్తే మంచిదే. బాధపడవలసింది అభిమాని తన పాత రికార్డులను దేవుడి గూట్లో పెట్టి కొత్త పాటకు చెవి మూసుకున్నప్పుడు. వాషింగ్టన్ బృందం ఫుగాజీ పేరు తెచ్చుకున్నాక కూడా టికెట్టు ఐదు డాలర్ల దగ్గరే ఉంచడానికి పాటుపడి, అన్ని వయసులవాళ్ళనూ లోపలికి రానిచ్చింది. బీబీసీ వ్యాఖ్యాత జాన్ పీల్ 1967 నుంచి 2004లో చనిపోయేదాకా, వేలాది రికార్డులు ఇంట్లో ఉన్నా, ప్రతివారం ఎవరికీ తెలియని కుర్రాళ్ళు పంపిన టేపులు విప్పి వింటూనే ఉన్నాడు. వీళ్ళను ఆదర్శంగా పెట్టుకున్న అభిమాని చెవి ముసలిదవదు.

బజ్‌కాక్స్ తమ తొలి రికార్డు అట్ట వెనుక ఒక చిన్న వివరం అచ్చు వేశారు. ఏ పాట ఎన్నోసారి వాయించినప్పుడు కుదిరిందో, దాని మీద గిటారు మళ్ళీ కలిపారో లేదో అందులో ఉంది. ఒకటి మూడోసారికి వచ్చింది, మిగిలినవి మొదటిసారికే. పాట ఎలా తయారైందో దాచకుండా చెప్పేశారు, చదివినవాళ్ళు తామూ చేసుకోవచ్చని. ఇప్పుడు కోనసీమ లంకల్లో కుర్రాళ్ళు ఫోనుతో పాట తీసి, కింద రచన, గానం, డప్పు, మిక్సింగ్ ఎవరెవరో వరసగా రాసి, చివర ఊరి పేరు, మండలం పేరు కూడా పెడుతున్నారు. అలాంటి పాట చేతికి రాగానే పంక్ అభిమాని మొదట చదివేది ఆ వరసనే, ఆ తరవాతే పాట వింటాడు.